అడిగితే ఇచ్చి, గడువు కాగానే తీసేసే క్లౌడ్ యాక్సెస్: ఏడబ్ల్యూఎస్‌లో అమర్చుకునే విధానం

ప్రొడక్షన్ డేటాబేస్‌లో ఏదో చిక్కు వస్తుంది, ఒకరికి రెండు గంటలకని యాక్సెస్ ఇస్తారు. పని అయిపోతుంది. యాక్సెస్ మాత్రం ఆడిట్‌లో బయటపడేదాకా అలాగే ఉండిపోతుంది. దీన్ని ఆటోమేట్ చేద్దామనుకున్న టీములు చాలావరకు రిక్వెస్ట్ ఫారం, అప్రూవ్ బటన్ తయారుచేసి అక్కడితో ఆగిపోతాయి. ఇవ్వడం తేలికే. తీసేయడమే అసలు పని. కాబట్టి డిజైన్ అక్కడి నుంచే మొదలవ్వాలి: మధ్యలో ఏ మెట్టు విఫలమైనా గడువు తర్వాత యాక్సెస్ మిగలకూడదు.

మీరు మైక్రోసాఫ్ట్ అజూర్‌లో ఉంటే ఇదంతా కట్టుకోనక్కర్లేదు. ఎంట్రా ఐడీలోని ప్రివిలేజ్డ్ ఐడెంటిటీ మేనేజ్‌మెంట్ ఈ పని చేస్తుంది, దానికి పీ2 లేదా ఐడీ గవర్నెన్స్ లైసెన్స్ ఉండాలి. గూగుల్ క్లౌడ్‌లో ప్రివిలేజ్డ్ యాక్సెస్ మేనేజర్ ఉంది. లేదంటే రోల్ బైండింగ్‌కే గడువు సమయాన్ని కండిషన్‌గా పెట్టవచ్చు, కానీ ఓనర్, ఎడిటర్, వ్యూయర్ వంటి బేసిక్ రోల్స్‌కు ఆ కండిషన్లు పెట్టనివ్వదు. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో టీమ్ (టెంపరరీ ఎలివేటెడ్ యాక్సెస్ మేనేజ్‌మెంట్) అనే ఓపెన్ సోర్స్ పరిష్కారం దొరుకుతుంది, వెబ్ పేజీ సరిపోతుందనుకుంటే అదే పెట్టుకోండి. రిక్వెస్టులు స్లాక్‌లోనే నడవాలి, నియమాలు మన చేతిలో ఉండాలి అనుకునేవాళ్ల కోసం ఈ వ్యాసం.

కావలసిన భాగాలు ఇవి: ఐఏఎం ఐడెంటిటీ సెంటర్ (ఎవరికి ఏ అకౌంట్‌లో యాక్సెస్ ఉందో చూసే సర్వీస్), స్టెప్ ఫంక్షన్స్ (పనులను వరుసగా నడిపే వర్క్‌ఫ్లో సర్వీస్), రెండు మూడు లాంబ్డాలు (పిలిచినప్పుడు నడిచే చిన్న ప్రోగ్రాములు), రిక్వెస్టుల రికార్డులు దాచడానికి ఒక డైనమోడీబీ డేటాబేస్ టేబుల్, ఈవెంట్‌బ్రిడ్జ్ షెడ్యూలర్, ఒక స్లాక్ యాప్. వీటిని మేనేజ్‌మెంట్ అకౌంట్‌లో (సంస్థలోని మిగతా ఏడబ్ల్యూఎస్ అకౌంట్లన్నింటికీ పైనుండే అకౌంట్) పెట్టకండి. ఒక మెంబర్ అకౌంట్‌ను ఐడెంటిటీ సెంటర్‌కు డెలిగేటెడ్ అడ్మిన్‌గా నమోదు చేసి అందులో నడపండి. మేనేజ్‌మెంట్ అకౌంట్‌లో వాడే పర్మిషన్ సెట్లను (అకౌంట్‌లో ఏమేం చేయవచ్చో చెప్పే అనుమతుల కట్టలు) డెలిగేటెడ్ అడ్మిన్ ముట్టుకోలేదు. అది మనకు మంచిదే, ఈ దారిలో ఎవరూ ఆ అకౌంట్‌లోకి వెళ్లలేరు.

పర్మిషన్ సెట్లు విడిగా ఉండాలి

తాత్కాలిక యాక్సెస్‌కు వాడే పర్మిషన్ సెట్లు వేరు, రోజూ వాడేవి వేరు. పేరు ముందు "టెంప్" లాంటి గుర్తు పెట్టండి. ఈ నియమం తప్పితే జరిగేది ఇది: ఒకరికి ఒక పర్మిషన్ సెట్ శాశ్వతంగా ఉంది, తెలియక అదే సెట్ తాత్కాలికంగా అడిగారు. కొత్తగా ఇవ్వడం ఏ అడ్డూ లేకుండా జరిగిపోతుంది, ఎందుకంటే ఆ అసైన్‌మెంట్ (ఈ మనిషికి ఈ అకౌంట్‌లో ఈ సెట్ అన్న కేటాయింపు) అప్పటికే ఉంది. గడువు కాగానే ఆటోమేషన్ దాన్ని తీసేస్తుంది, శాశ్వత యాక్సెస్ కూడా దానితోపాటే పోతుంది. సెట్లు విడిగా ఉంటే ఈ చిక్కు రాదు. పైగా "టెంప్" గుర్తుతో మనిషి పేరిట ఉన్న ఏ అసైన్‌మెంట్‌కైనా టేబుల్‌లో రికార్డు లేకపోతే దాన్ని నిస్సందేహంగా తీసేయవచ్చు.

పనికొక సెట్ చేయండి: డేటాబేస్ చదవడానికి ఒకటి, ఫలానా ఎస్3 (ఫైల్ స్టోరేజ్) బకెట్‌లో రాయడానికి ఒకటి, ఈసీఎస్ (కంటైనర్లు నడిపే సర్వీస్) టాస్క్ రీస్టార్ట్ చేయడానికి ఒకటి. అడ్మినిస్ట్రేటర్ యాక్సెస్‌ను ఒక్కదాన్నే తాత్కాలికంగా పెట్టి వదిలేస్తే అందరూ ప్రతి పనికీ అదే అడుగుతారు, అప్రూవ్ చేసేవాళ్లు కూడా చదవడం మానేస్తారు.

చాలామందికి ఆలస్యంగా తెలిసే విషయం ఇంకొకటి ఉంది. ఒక అకౌంట్‌లో ఒక పర్మిషన్ సెట్‌కు ఉన్న చివరి అసైన్‌మెంట్ తీసేస్తే, ఆ సెట్ కోసం ఐడెంటిటీ సెంటర్ ఆ అకౌంట్‌లో తయారుచేసిన రోల్ కూడా పోతుంది. మళ్లీ ఇచ్చినప్పుడు రోల్ కొత్తగా తయారవుతుంది, పేరు చివరి అక్షరాల వరుస మారిపోతుంది. కేఎంఎస్ (ఎన్‌క్రిప్షన్ కీల సర్వీస్) కీ పాలసీలోనో బకెట్ పాలసీలోనో పాత రోల్ ఏఆర్ఎన్ (ఏడబ్ల్యూఎస్‌లో దాని పూర్తి పేరు) రాసి ఉంటే, నిన్న పనిచేసిన యాక్సెస్ ఇవాళ యాక్సెస్ డినైడ్ అంటుంది. దీనికి రెండు మార్గాలున్నాయి. పాలసీలో ప్రిన్సిపల్ ఏఆర్ఎన్ కండిషన్ పెట్టి చివరి భాగానికి నక్షత్రం గుర్తు వాడవచ్చు. లేదా సభ్యులెవరూ లేని ఒక గ్రూపును ఆ పర్మిషన్ సెట్‌కు శాశ్వతంగా అసైన్ చేసి ఉంచవచ్చు. రెండోది అమర్చడం తేలిక. కానీ ఆ గ్రూపులోకి ఎవరైనా చేరితే అలారం మోగాలి.

రిక్వెస్ట్ రికార్డు

డైనమోడీబీలో ఒక్కో రిక్వెస్ట్‌కు ఇవి రాయాలి: రిక్వెస్ట్ నంబర్, ఐడెంటిటీ స్టోర్‌లోని (ఐడెంటిటీ సెంటర్ యూజర్ల జాబితా) యూజర్ ఐడీ, అకౌంట్, పర్మిషన్ సెట్, కారణం, టికెట్ నంబర్, ఎంతసేపు, ఎవరు అప్రూవ్ చేశారు, స్థితి, గడువు సమయం. యూజర్ ఐడీని ఫారంలో అడగకండి. స్లాక్ పంపే యూజర్ గుర్తుతో ఈమెయిల్ తెచ్చుకుని, ఆ ఈమెయిల్‌తో ఐడెంటిటీ స్టోర్‌లో వెతికి సర్వర్ వైపే తేల్చుకోవాలి. స్లాక్‌లో గెస్టులుగా ఉన్నవాళ్లను మొదట్లోనే తిప్పి పంపండి.

ఏ గ్రూపువాళ్లు ఏ అకౌంట్‌లో ఏ సెట్ అడగవచ్చు, గరిష్ఠంగా ఎన్ని గంటలు, అప్రూవర్లు ఎవరు అన్నది ఒక యామల్ ఫైల్‌లో రాసి గిట్‌లో ఉంచండి. ఆ ఫైల్ మార్చాలంటే ఇంకొకరి రివ్యూ తప్పనిసరి చేయండి. లేకపోతే అప్రూవర్ల జాబితాలో తన పేరు తానే చేర్చుకునే వీలుంటుంది.

సమయాన్ని ఎప్పుడూ యూటీసీలోనే దాచండి. హైదరాబాద్‌లో కూర్చున్న మనిషి "సాయంత్రం 6 వరకు" అంటే యూటీసీలో అది 12:30. భారత సమయాన్ని అలాగే తీసుకుని చివర యూటీసీని సూచించే జెడ్ అక్షరం తగిలిస్తే, యాక్సెస్ రాత్రి 11:30 దాకా నడుస్తుంది. ఎర్రర్ ఏదీ రాదు కాబట్టి ఈ తప్పు ఎవరి కంటా పడదు. "ఎప్పటివరకు" అని అడగడం మాని "ఎన్ని నిమిషాలు" అని అడిగితే ఈ గొడవే ఉండదు.

స్లాక్ వైపు

స్లాక్ పంపే ప్రతి మెసేజ్‌కు 3 సెకన్లలో జవాబు వెళ్లాలి. అందుకని మెసేజ్ అందుకునే లాంబ్డా, అది స్లాక్ నుంచే వచ్చిందని చూపే సంతకం సరిచూసి, పనిని రెండో లాంబ్డాకు అసింక్రనస్‌గా (అది పూర్తయ్యేదాకా ఆగకుండా) అప్పగించి వెంటనే 200 (అందింది అన్న జవాబు) తిరిగి ఇవ్వాలి. సంతకం లెక్క ఇది: వెర్షన్ గుర్తు, టైమ్‌స్టాంప్, రిక్వెస్ట్ బాడీ ఈ మూడింటినీ కోలన్లతో కలిపి, సైనింగ్ సీక్రెట్‌తో హెచ్‌మ్యాక్ షా-256 తీయాలి. టైమ్‌స్టాంప్ 5 నిమిషాల కంటే పాతదైతే తిరస్కరించాలి. సంతకం కలవడం లేదంటే ముందు చూడాల్సింది బాడీని. ఏపీఐ గేట్‌వే దాన్ని బేస్64లో పంపి ఉండవచ్చు. ముందు డీకోడ్ చేసి, పార్స్ చేయకుండా ఉన్నదున్నట్టుగా లెక్కకు వాడాలి.

అప్రూవ్ బటన్‌లో టాస్క్ టోకెన్ (ఆగి ఉన్న వర్క్‌ఫ్లోను మళ్లీ కదిలించడానికి స్టెప్ ఫంక్షన్స్ ఇచ్చే గుర్తు) పెట్టకండి. బటన్ విలువకు స్లాక్ ఇచ్చే పరిమితి 2000 అక్షరాలు, స్టెప్ ఫంక్షన్స్ టోకెన్ దాన్ని దాటే అవకాశం ఉంది. పైగా అది చాట్‌లో తిరగాల్సిన వస్తువు కాదు. టోకెన్‌ను టేబుల్‌లో దాచి, బటన్‌లో రిక్వెస్ట్ నంబర్ మాత్రం ఉంచండి.

బటన్ నొక్కగానే మూడు సంగతులు తేల్చుకోవాలి: నొక్కిన మనిషి ఈ క్షణంలో అప్రూవర్ల జాబితాలో ఉన్నారా, అడిగినవాళ్లూ నొక్కినవాళ్లూ ఒకరేనా, స్థితి ఇంకా పెండింగ్‌లోనే ఉందా. మూడోదాన్ని డైనమోడీబీ కండిషనల్ అప్‌డేట్‌తో చేయాలి. చదివి చూసి తర్వాత రాస్తే, ఇద్దరు ఒకేసారి నొక్కినప్పుడు ఒకరి అప్రూవ్, ఇంకొకరి రిజెక్ట్ రెండూ చెల్లిపోతాయి.

స్టెప్ ఫంక్షన్స్‌లో వరుస

వర్క్‌ఫ్లో స్టాండర్డ్ రకమే కావాలి. ఎక్స్‌ప్రెస్ 5 నిమిషాలకు ముగిసిపోతుంది, స్టాండర్డ్ ఏడాది వరకు నడుస్తుంది. బిల్లు స్థితి మారినప్పుడే పడుతుంది కాబట్టి గంటల తరబడి వెయిట్‌లో ఉన్నా అదనపు ఖర్చు లేదు.

1. నియమాల ఫైల్‌తో రిక్వెస్ట్ సరిచూసుకోవాలి.
2. అప్రూవల్ కోసం టాస్క్ టోకెన్‌తో ఆగాలి. ఇక్కడ టైమ్‌అవుట్ తప్పకుండా పెట్టండి, 3600 సెకన్లు సరిపోతుంది. పెట్టకపోతే ఎవరూ పట్టించుకోని రిక్వెస్ట్ ఏడాదిపాటు వేలాడుతుంది, నెలల తర్వాత ఎవరో పాత మెసేజ్‌లో అప్రూవ్ నొక్కితే అప్పుడు యాక్సెస్ వెళ్లిపోతుంది.
3. టేబుల్‌లో "ఇస్తున్నాం" అని స్థితి, గడువు రాయాలి. ఆ తర్వాతే క్రియేట్ అకౌంట్ అసైన్‌మెంట్ అనే ఏపీఐ పిలవాలి.
4. ఆ పిలుపు అసింక్రనస్. వెంటనే వచ్చేది పని జరుగుతోందన్న సమాధానమే. 5 సెకన్లకోసారి స్థితి అడుగుతూ, సక్సీడెడ్ అని వచ్చాకే అడిగినవాళ్లకు కబురు పంపాలి. వాళ్లు అడిగిన నిమిషాలు కూడా అప్పటి నుంచే లెక్క. గడువును సరిచేసి రాయండి.
5. గడువు టైమ్‌స్టాంప్ వరకు వెయిట్.
6. మేలుకున్నాక టేబుల్ మళ్లీ చూడాలి. అదే మనిషికి అదే అకౌంట్, అదే సెట్‌తో ఇంకా గడువున్న రిక్వెస్ట్ మరొకటి ఉంటే తీసేయకూడదు. లేకపోతే డిలీట్ అకౌంట్ అసైన్‌మెంట్ పిలిచి, సక్సీడెడ్ అయ్యేదాకా స్థితి చూడాలి.

నాలుగో మెట్టు విఫలమైతే నేరుగా ఆరుకు వెళ్లాలి, ఫెయిల్ అని ఆగిపోకూడదు. ఎర్రర్ వచ్చినా అసైన్‌మెంట్ అవతల పూర్తయి ఉండవచ్చు. థ్రాట్లింగ్ (పిలుపులు ఎక్కువై ఆపడం), కాన్‌ఫ్లిక్ట్ (మరో మార్పుతో ఢీకొనడం) ఎర్రర్లకు 5 సెకన్లతో మొదలై ప్రతిసారి రెట్టింపయ్యే రీట్రై పెట్టండి: ఇచ్చేచోట 4 సార్లు, తీసేచోట 8 సార్లు. ఆ తర్వాతా కుదరకపోతే ఆన్‌కాల్ మనిషి ఫోన్ మోగాలి.

స్టెప్ ఫంక్షన్స్ నుంచి లాంబ్డా లేకుండా నేరుగా ఐడెంటిటీ సెంటర్ ఏపీఐ పిలవవచ్చు, కానీ అది వర్క్‌ఫ్లో ఉన్న రీజియన్‌కే వెళ్తుంది. వర్క్‌ఫ్లో హైదరాబాద్ రీజియన్‌లోనూ ఐడెంటిటీ సెంటర్ ముంబైలోనూ ఉంటే లాంబ్డా వాడి, క్లయింట్‌లో ముంబై రీజియన్ అని విడిగా చెప్పాలి.

ఈ ఆటోమేషన్‌కు ఇచ్చే రోల్ విషయంలో చేయి బిగించండి. అసైన్‌మెంట్ ఇవ్వడం, తీసేయడం అనే రెండు అనుమతులనూ టెంప్ పర్మిషన్ సెట్ల ఏఆర్ఎన్‌లకు, అవసరమైన అకౌంట్లకు పరిమితం చేయాలి. నక్షత్రం గుర్తు పెట్టి వదిలితే, ఆ లాంబ్డా కోడ్ మార్చగలిగిన ప్రతి మనిషీ సంస్థ మొత్తానికి అడ్మిన్ అయినట్టే.

అసైన్‌మెంట్ పోయినా సెషన్ ఉంటుంది

అసైన్‌మెంట్ తీసేస్తే కొత్తగా లోపలికి రావడం ఆగుతుంది. అప్పటికే తీసుకున్న రోల్ సెషన్ మాత్రం, ఆ రోల్ అకౌంట్‌లో ఉన్నంతవరకు, తన కాలం అయ్యేదాకా పనిచేస్తూనే ఉంటుంది. పర్మిషన్ సెట్ సెషన్ కనిష్ఠంగా 1 గంట, గరిష్ఠంగా 12 గంటలు. ఒకరికి మధ్యాహ్నం 3 నుంచి 5 వరకు యాక్సెస్ ఇచ్చారనుకోండి, వాళ్లు 4:55కు కన్సోల్ తెరిచారు. సెషన్ 12 గంటలైతే తెల్లవారుజాము 4:55 దాకా లోపలే ఉంటారు. 1 గంటైతే 5:55కు అయిపోతుంది. టెంప్ సెట్లన్నింటికీ 1 గంటే పెట్టండి, ఆడిట్ కాగితాల్లో కూడా "గడువు, దానిపైన గరిష్ఠంగా 1 గంట" అని నిజమే రాయండి.

వెంటనే తెంచాల్సిన అవసరం వస్తే ఆ రోల్ పాలసీని అకౌంట్‌లోకి వెళ్లి మార్చడం కుదరదు, అది ఐడెంటిటీ సెంటర్ అధీనంలో ఉంటుంది. ఐడెంటిటీ స్టోర్ యూజర్ ఐడీని కండిషన్‌గా పెట్టి అన్నీ నిరాకరించే సర్వీస్ కంట్రోల్ పాలసీని (అకౌంట్లకు పైనుంచి హద్దులు పెట్టే పాలసీ) ముందే తయారుగా ఉంచుకోండి, ఆ సమయంలో యూజర్ ఐడీ నింపితే చాలు.

స్వీపర్

వర్క్‌ఫ్లోను ఎవరైనా మధ్యలో ఆపేయవచ్చు, స్టేట్ మెషీన్‌నే డిలీట్ చేయవచ్చు. అప్పుడు ఆరో మెట్టు రానే రాదు. అందుకే దానితో సంబంధం లేని రెండో మార్గం ఉండాలి. ఈవెంట్‌బ్రిడ్జ్ షెడ్యూలర్‌తో 15 నిమిషాలకోసారి ఒక లాంబ్డా నడపండి, అదే స్వీపర్. ప్రతి టెంప్ సెట్ ఏ అకౌంట్లలో ఉందో తీసుకుని, అక్కడి అసైన్‌మెంట్లను టేబుల్‌తో పోల్చాలి. గడువు మిగిలిన రికార్డు లేని ప్రతిదాన్నీ తీసేయాలి. యూజర్ రకం అసైన్‌మెంట్లనే ముట్టుకోవాలి, లేకపోతే మనం నిలిపి ఉంచిన ఖాళీ గ్రూపు కూడా పోతుంది. మూడో మెట్టులో రికార్డు ముందే రాయమన్నది ఇందుకే: అప్పుడే ఇస్తున్న యాక్సెస్‌ను స్వీపర్ అనాథ అనుకుని లాగేసుకోకూడదు.

స్వీపర్‌కు ఏదైనా దొరికిందంటే మొదటి మార్గంలో లోపం ఉన్నట్టే. తీసేసి ఊరుకోకుండా ప్రతిసారీ అలర్ట్ పంపాలి. ఈ పనికి డైనమోడీబీ టీటీఎల్‌ను (కాలం తీరిన రికార్డులను దానంతటదే తీసే సదుపాయం) మాత్రం నమ్ముకోవద్దు. గడువు దాటిన రికార్డును అది వెంటనే తీయదు, కొన్ని రోజులు పట్టవచ్చు.

టీమ్‌కు ఇచ్చేముందు పరీక్షలు

5 నిమిషాల గడువుతో టెస్ట్ అకౌంట్‌లో ఇవన్నీ చేసి చూడండి: తన రిక్వెస్ట్ తానే అప్రూవ్ చేయడం, ఇద్దరు ఒకేసారి బటన్ నొక్కడం, ఎవరూ జవాబివ్వకపోవడం, అదే సెట్‌కు గడువులు కలిసేలా రెండు రిక్వెస్టులు. తర్వాత యాక్సెస్ ఇచ్చాక వర్క్‌ఫ్లోను చేత్తో ఆపేసి, గడువు దాటిన 15 నిమిషాల్లో స్వీపర్ దాన్ని పట్టుకుందో లేదో చూడండి. చివరగా క్లౌడ్‌ట్రెయిల్‌లో (ఎవరు ఏం చేశారో రాసే ఏడబ్ల్యూఎస్ లాగ్) ఆ టెంప్ రోల్ పేరుతో వెతికి, జరిగిన ప్రతి పనీ ఏదో ఒక రిక్వెస్ట్ నంబర్ కాలంలో, సెషన్ మిగులు గంటతో కలిపి, పడుతోందా అని సరిపోల్చండి. క్లౌడ్‌ట్రెయిల్ ఈవెంట్ హిస్టరీ 90 రోజులే ఉంటుంది. అంతకంటే ఎక్కువకాలం కావాలంటే ట్రెయిల్ పెట్టి ఎస్3లోకి పంపాలి.

స్లాక్ పడిపోయిన రాత్రికీ ఒక దారి కావాలి. హార్డ్‌వేర్ ఎంఎఫ్ఏ (లాగిన్‌కు రెండో రుజువు ఇచ్చే పరికరం) ఉన్న ఒక అత్యవసర రోల్‌ను ఈ వ్యవస్థకు బయట పెట్టి, దాన్ని వాడిన క్షణమే సెక్యూరిటీ టీమ్ అందరికీ కబురు వెళ్లేలా చేయండి. మూడు నెలలకోసారి దానితో లాగిన్ అయి, కబురు నిజంగా అందుతోందో లేదో చూసుకోండి.