బ్రహ్మోత్సవాల ముందు ఫైర్‌వాల్ ముట్టుకునేవాళ్లకు

ఈ మధ్య తిరుపతి బస్టాండ్ దగ్గర ఒక లాడ్జిలో బిల్లింగ్ కంప్యూటర్ ఆన్ చేస్తే ఫైళ్లన్నీ లాక్. డబ్బు కడితేనే తెరుస్తామని స్క్రీన్ మీద నోటు. ఫైర్‌వాల్ (ఇంటర్నెట్‌కూ లోపలి నెట్‌వర్క్‌కూ మధ్య కాపలా) తెరిచి చూస్తే 'టెస్ట్' అనే పేరుతో ఒక న్యాట్ (అడ్రస్ మార్పిడి) రూల్ ఉంది. బయటి నుంచి ఎవరొచ్చినా, ఏ పోర్టుకొచ్చినా (పోర్టంటే నంబరున్న తలుపు లాంటిది) నేరుగా ఆ కంప్యూటర్‌కే. దూరం నుంచి కంప్యూటర్ నడిపే రిమోట్ డెస్క్‌టాప్ రావట్లేదని ఎవరో పెట్టి వదిలేసింది.

ఉత్సవాల ముందు కెమెరాలు, బుకింగ్ అన్నీ సరిచేయమని ఓనర్లు తొందరపెడతారు. పాస్‌వర్డులు, బ్యాకప్‌ల సంగతి మీకు తెలిసిందే. నేను చెప్పేది ఒకటే: పనిచేస్తుందో లేదో చూద్దామని రూల్‌లో 'ఎనీ' (ఎవరైనా, ఏ పోర్టైనా) పెట్టకండి. పెడితే పనిచేస్తుంది, చిక్కంతా అక్కడే. ఓనరు టీ తెప్పిస్తాడు, మీరు బండెక్కేస్తారు, రూల్ అలాగే ఉండిపోతుంది. రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389 తెరిచి ఉందా అని ఇంటర్నెట్ మొత్తాన్ని జల్లెడ పట్టే ప్రోగ్రాములకు రాత్రీ పగలూ లేదు.

'ఎనీ' పెట్టాలనిపించినప్పుడు ముందు వ్యాన్ ఐపీ (ఫైర్‌వాల్‌కు ఇంటర్నెట్ వైపున్న అడ్రస్) చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే ఇంటర్నెట్ ప్రొవైడరే పైన ఇంకో న్యాట్ చేస్తున్నాడు. మీరెన్ని ఫార్వర్డులు (పోర్టును లోపలి మెషీన్‌కు మళ్లించే రూల్స్) పెట్టినా లోపలికి ఏదీ రాదు, పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరగలిగే అడ్రస్) అడగాల్సిందే. 192.168 అని కనబడితే ముందున్న మోడెమ్‌ను బ్రిడ్జ్ మోడ్‌లో (న్యాట్ చేయకుండా లైన్‌ను నేరుగా ఫైర్‌వాల్‌కు ఇచ్చేలా) పెట్టించండి.

లాడ్జి వైఫై మీద టెస్ట్ చేయొద్దు. హెయిర్‌పిన్ న్యాట్ (లోపలి నుంచే బయటి అడ్రస్‌కు వెళ్లి తిరిగి లోపలికి వచ్చే వీలు) లేకపోతే రూల్ సరిగ్గా ఉన్నా తెరుచుకోదు. మొబైల్ డేటాతో చూడండి, అప్పుడు రూల్ పక్కన హిట్ కౌంట్ (ఆ రూల్ ఎన్నిసార్లు తగిలిందో చూపే అంకె) కదులుతోందా గమనించండి. కదలకపోతే ప్యాకెట్ రాలేదు, లేదా పైనున్న రూల్ పట్టేసింది. కదులుతున్నా డీవీఆర్ (కెమెరాల రికార్డర్) రాకపోతే డీవీఆర్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో గేట్‌వే (బయటికి దారిచ్చే రౌటర్ అడ్రస్) చూడండి. అక్కడ పాత రౌటర్ అడ్రసే ఉండిపోవడం మామూలే. దానికి ఫైర్‌వాల్‌ను తిడితే ఏం లాభం?

రూల్ మార్చాక పాత సెషన్లు (అప్పటికే నడుస్తున్న కనెక్షన్లు) క్లియర్ చేయండి. బ్రాంచి వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా వేసిన రహస్య సొరంగం లాంటి లింకు) ట్రాఫిక్‌కు న్యాట్ వద్దని చెప్పే రూల్ పైన ఉండాలి. రిమోట్ డెస్క్‌టాప్ ఫార్వర్డ్ చేయొద్దు, వీపీఎన్ పెట్టండి. పోర్టు నంబరు మార్చాను కదా అనొద్దు, స్కాన్ చేసేవాడికి 65,535 పోర్టులూ ఒకటే. తాత్కాలిక రూల్‌కు గడువు పెట్టండి. గడువు పెట్టే వీలు లేదా? అయితే ఆ రూలే వద్దు. ఓనరు నెత్తిమీద నిలబడి అరిచినా 'ఎనీ' వద్దు. కౌంటర్ కుర్రాడికి ఫోన్లో చెప్పి రూల్ మార్పించొద్దు. గరుడ సేవ రోజు అసలు దేన్నీ ముట్టుకోవద్దు.