ఇంగ్లండ్‌లో కాలేజీ ఇంగ్లీషు క్లాసులు: కొత్తగా వచ్చినవారికి సూచనలు

డిపెండెంట్ వీసా మీద ఇంగ్లండ్ వచ్చిన మనవాళ్ళలో చాలామంది డిగ్రీ చదివినవాళ్ళే. ఇంగ్లీషు చదువుతారు, తప్పుల్లేకుండా మెయిల్ రాస్తారు. జీపీ (మన ఏరియా డాక్టర్) రిసెప్షన్ నుంచి ఫోన్ వస్తే మాత్రం పక్కవాళ్ళ చేతికి ఇచ్చేస్తారు. ఇలాంటివాళ్ళకు దగ్గర్లోని ఎఫ్‌ఈ కాలేజీలో (స్కూలు దాటినవారికి, పెద్దవాళ్ళకు కోర్సులు నడిపే కాలేజీ) జరిగే ఈసాల్ క్లాసులు బాగా పనికొస్తాయి. ఇంగ్లీషు మాతృభాష కాని పెద్దవాళ్ళ కోసమే పెట్టిన కోర్సు ఇది. "ఎంబీయే చేసి మళ్ళీ ఏబీసీడీలా?" అని నవ్వేవాళ్ళు ఇంట్లోనే ఉంటారు. పట్టించుకోకండి.

ఏబీసీడీల దగ్గరే ఆగే కోర్సు కాదిది. ఎంట్రీ 1, 2, 3, ఆపైన లెవెల్ 1, లెవెల్ 2 అని అయిదు మెట్లుంటాయి. ఎంట్రీ 3 సుమారుగా యూరప్ భాషా కొలమానంలో (ఏ1 నుంచి సీ2 వరకు ఉంటుంది) బీ1కి, లెవెల్ 2 సీ1కి సమానం. అసలు చదవడం రాయడం రానివారికి ఎంట్రీ 1 కన్నా ముందు మెట్టు కూడా చాలా కాలేజీల్లో ఉంటుంది.

చేరేముందు అసెస్‌మెంట్ పెడతారు. మనవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే. గ్రామర్ పేపర్ చూడగానే పాత అలవాటు కొద్దీ టకటకా రాసేస్తారు, పై లెవెల్ క్లాసులో సీటు వస్తుంది, అక్కడ అందరూ గలగలా మాట్లాడుతుంటే వీళ్ళు నోరు విప్పరు. రాత ఒక స్థాయిలో, మాట ఇంకో స్థాయిలో ఉండటం టీచర్లకు కొత్తేమీ కాదు. అందుకే అసెస్‌మెంట్ చేసేవారితో నేరుగా చెప్పండి: రాయడం వచ్చు, ఫోన్‌లో మాట్లాడటం రాదు అని. చదవడం, రాయడం, మాట్లాడటం-వినడం పరీక్షలు విడివిడిగానే ఉంటాయి కాబట్టి కొన్ని కాలేజీలు ఒక్కోటి ఒక్కో స్థాయిలో రాయనిస్తాయి. ఒకే క్లాసు ఎంచుకోవాల్సి వస్తే, నన్నడిగితే మాట స్థాయినే చూసుకోవాలి. ఈ అసెస్‌మెంట్ కోసం ముందుగా ప్రిపేర్ అయి వెళ్ళడం అంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

క్లాసులు ప్రధానంగా సెప్టెంబరులో మొదలవుతాయి. పేర్లు వేసవిలోనే తీసుకుంటారు, ఊరిని బట్టి వెయిటింగ్ లిస్టులు పెద్దవిగా ఉంటాయి. జనవరిలోనూ కొన్నిచోట్ల చేర్చుకుంటారు. కాలేజీ ఒక్కదాన్నే నమ్ముకోకుండా మీ కౌన్సిల్ నడిపే అడల్ట్ ఎడ్యుకేషన్ సర్వీసులో కూడా పేరు ఇవ్వండి. పాస్‌పోర్టు, ఈవీసా షేర్ కోడ్ (మీ వీసా హోదాను ఆన్‌లైన్‌లో చూపించే కోడ్), కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు లాంటి అడ్రస్ ప్రూఫ్, ఉద్యోగం ఉంటే పేస్లిప్పులు సిద్ధంగా ఉంచుకోండి.

ఇక ఫీజు. ప్రభుత్వ నిధులతో ఉచితంగానో సగం ఫీజుకో చదవాలంటే, మామూలుగా గత 3 ఏళ్ళుగా ఇక్కడే చట్టబద్ధంగా నివసిస్తూ ఉండాలి. శరణార్థి హోదా ఉన్నవారికి ఈ షరతు లేదు. అర్హత ఉన్నవారిలో కూడా ఉద్యోగం లేనివారికి, జీతం తక్కువున్నవారికి ఉచితం. మిగిలినవారు కొంత కట్టాలి. లండన్, గ్రేటర్ మాంచెస్టర్, వెస్ట్ మిడ్‌లాండ్స్ లాంటి ప్రాంతాలు ఈ నిధుల నిబంధనలు తామే పెట్టుకుంటాయి. కాబట్టి లెస్టర్‌లో ఉండే మీ ఫ్రెండ్ చెప్పింది ఈస్ట్ హామ్‌లో మీకు వర్తించకపోవచ్చు. వీసా మీద "పబ్లిక్ ఫండ్స్ వద్దు" అని రాసి ఉందని చాలామంది టెన్షన్ పడి అడగడమే మానేస్తారు. ఆ నిషేధం బెనిఫిట్లు, కౌన్సిల్ ఇళ్ళ లాంటి వాటి మీద. కాలేజీ చదువు ఆ జాబితాలో లేదు. అర్హత తేలేది పైన చెప్పిన నివాస నిబంధనతోనే. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు ఈ నిధులు రావు. వాళ్ళను లైబ్రరీల్లో జరిగే ఉచిత ఇంగ్లీషు కబుర్ల గ్రూపులకు తీసుకెళ్ళండి.

క్లాసులో టీచర్‌ను పేరుతోనే పిలుస్తారు. మొదట్లో నోరు రాదు, "మేడమ్" అనేస్తాం, ఎవరూ ఏమీ అనుకోరు. టీచర్ రాగానే లేచి నిలబడక్కర్లేదు. ఎక్కువ పని జంటలుగా చేయిస్తారు: డాక్టర్ అపాయింట్‌మెంట్ అడగడం, పిల్లాడు స్కూలుకు రాలేదని ఫోన్ చేయడం, బాయిలర్ పాడైందని ఇంటి ఓనర్‌కు మెయిల్ రాయడం. టీచర్ ఏమీ చెప్పకుండా ఆటలాడిస్తున్నారని మనకు అనిపిస్తుంది, కానీ మాట వచ్చేది అక్కడే. క్లాసులో ఇంకో తెలుగావిడ కనిపిస్తే సంతోషమే. స్నేహం చేయండి, పక్కన మాత్రం కూర్చోకండి. ఆఫ్ఘనిస్తాన్ నుంచో ఉక్రెయిన్ నుంచో వచ్చినవారి పక్కన కూర్చుంటే ఇంగ్లీషు తప్ప వేరే దారి ఉండదు. హాజరు మాత్రం గట్టిగా చూస్తారు. ఊరికి వెళ్ళాల్సి వస్తే ముందే చెప్పండి, లేదంటే సీటు వెయిటింగ్ లిస్టులో ఉన్నవారికి పోతుంది.

ఈ ఈసాల్ సర్టిఫికెట్ ఐఎల్ఆర్‌కో (శాశ్వత నివాస అనుమతి) పౌరసత్వానికో పనికొస్తుందనుకుని చేరేవాళ్ళున్నారు. పనికిరాదు. 2015 నవంబరు నుంచి వీసాలు చూసే హోం ఆఫీసు ఈసాల్ సర్టిఫికెట్లను అందుకు ఒప్పుకోవడం లేదు. హోం ఆఫీసు గుర్తించిన ఇంగ్లీషు పరీక్ష (సెల్ట్) విడిగా రాయాలి, లేదా ఇంగ్లీషులో చదివిన మీ డిగ్రీకి, విదేశీ డిగ్రీలను పోల్చి చూసే ఎక్టిస్ సంస్థ నుంచి పత్రం తెచ్చుకోవాలి. ఏ స్థాయి అడుగుతున్నారో దరఖాస్తుకు ముందు గవ్ డాట్ యూకేలో చూసుకోండి.

ఉద్యోగం, పై చదువు మీ లక్ష్యమైతే లెవెల్ 1 దాటాక ఫంక్షనల్ స్కిల్స్ ఇంగ్లీషు (రోజువారీ పనులకు, ఉద్యోగానికి కావాల్సిన ఇంగ్లీషు కోర్సు) గురించో జీసీఎస్ఈ (మన పదో తరగతి లాంటి పరీక్ష) గురించో అదే కాలేజీలో అడగండి. నర్సింగ్, టీచింగ్ వైపు వెళ్ళాలనుకునేవారిని చాలా యూనివర్సిటీలు జీసీఎస్ఈ ఇంగ్లీషులో గ్రేడ్ 4 గానీ దానికి సమానమైనది గానీ అడుగుతాయి.