ట్రైకోడెర్మా కలిపే ముందు గత్తం వేడి చూసుకోండి

ట్రైకోడెర్మా అంటే నేలలోని తెగుళ్లను అణిచే మేలు బూజు. తొలకరికి దుక్కి తడిసేసరికి అది పట్టిన గత్తం చేతిలో ఉండాలంటే రోహిణి కార్తెలోనే పని మొదలెట్టాలి. చిక్కంతా అక్కడే. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఎండ మాడ్చేదీ అప్పుడే, సాయంత్రం ఉరుముల వాన ముంచెత్తేదీ అప్పుడే.

రాక్ ఫాస్ఫేట్, అంటే భాస్వరం ఉన్న రాతి పొడిని, గత్తానికి చెత్త కుప్ప వేసేటప్పుడే పొరల మధ్య చల్లాలి. టన్ను చెత్తకు 25 కిలోలు చాలు. చెత్త కుళ్లేటప్పుడు పుట్టే ఆమ్లాలే దాన్ని కొంత కరిగిస్తాయి. మాగిన గత్తంలో చివర్న కలిపితే చాలావరకు రాయిలాగే మిగులుతుంది. పొడి చల్లేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. సున్నం, బూడిద ఆ కుప్ప దరికి రానివ్వొద్దు, నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది. జింక్ సల్ఫేట్‌నూ ఇందులో పడేయొద్దు. భాస్వరంతో కలిస్తే జింకు మొక్కకు సరిగా అందదు.

ట్రైకోడెర్మాకు తొందర పనికిరాదు. మాగుతున్న కుప్ప నడుమ వేడి 60 డిగ్రీలు దాటుతుంది, అందులో కలిపిన పొడి ఉడికిపోయినట్టే. గునపం నడుమకు దించి ఐదు నిమిషాలాగి తీయండి. మొన వెచ్చగా తగిలినా ఇంకో వారం ఆగాల్సిందే.

ఎకరానికి 90 కిలోల మాగిన గత్తం, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి పొడి కలపాలి. ప్యాకెట్ మీద గడువు తేదీ చూడండి. కొట్టు ముందు ఎండలో పెట్టిన సరుకైతే గడువున్నా తీసుకోకండి. కలిపిన గత్తానికి చెట్టు నీడ చాలదు, పాక కావాలి, అదీ వాన నీరు పారని మెరకన. అడుగు ఎత్తుకు మించి పోయొద్దు. బోరు నీళ్లో బావి నీళ్లో చిలకరించండి. క్లోరిన్ కలిసిన కుళాయి నీళ్లు వద్దు. గుప్పెడు తీసి పిడికిలి బిగిస్తే ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. కారితే పొడి గత్తం కలపాలి. పైన తడి గోనెసంచులే కప్పండి, టార్పాలిన్ వేస్తే గాలాడక కుళ్లు పడుతుంది. నాలుగో రోజు తిరగేయండి. సంచి ఎత్తే ముందు కర్రతో తట్టడం మరవొద్దు, చల్లదనానికి తేళ్లు చేరతాయి.

ముందు తెల్లటి నూలుపోగులు, తర్వాత ముదురాకుపచ్చ బూజు. వారం, పది రోజులకు ఇలా కనిపిస్తే పట్టినట్టు. నల్లబూజు, మురుగు కంపు వస్తే ఆ గత్తం మళ్లీ పెద్ద కుప్పలోకే.

ఉద్దానం కొబ్బరి తోటలకు తోలేవాళ్లు ఇంకోటి చూడాలి. పెంటకుప్పలో వంకీ తిరిగిన లావాటి తెల్ల పురుగులు కనిపిస్తే అవి కొమ్ము పురుగు పిల్లలు కావచ్చు. ఏరి చంపండి, కుప్పకు మెటారైజియం (పురుగుల్ని చంపే బూజు) పట్టించండి. అలాగే తోలితే చెట్ల మొవ్వులకు చేటు.

పొలంలో సాయంత్రం పూట, తడి దుక్కిలో చల్లి అప్పుడే కలియదున్నాలి. యూరియా, డీఏపీ కలిపి చల్లొద్దు. కార్బెండజిమ్, కాపర్ ఆక్సీక్లోరైడ్ లాంటి తెగులు మందులు నేలకు పోయాల్సి వస్తే రెండు వారాలు ఎడం ఉండాలి. వాన వెనక్కి పోతే పొడి దుక్కిలో వేసేయకండి. సంచులు తడుపుతూ పాకలోనే ఉంచండి.