ప్రయాణంలో వెండి ఉంగరం చేయడం నేర్చుకోవాలా? గ్యాస్ టార్చ్ ఎవరి చేతిలో ఉంటుందో ముందే అడగండి

నా మొదటి వెండి నగల క్లాసులో మూడు గంటలు కూర్చుని నేను చేసిన పనల్లా ఫొటోలు దిగడం. రేకు కోసింది గురువుగారు, వంచింది ఆయన, మాటు వేసింది (అంటే సులువుగా కరిగే లోహపు ముక్కతో అతికింది) కూడా ఆయనే, చివరికి నా చేతికో బ్రష్షు, గిన్నెడు సబ్బునీళ్లు ఇచ్చి మెరిసేదాకా రుద్దమన్నారు. ఉంగరం అద్దంలా వచ్చింది, కాదనను. కానీ "నువ్వే చేశావా?" అని ఎవరైనా అడిగితే అవుననడానికి నోరు రాక, కొన్నాళ్లకి దాన్ని డబ్బాలో పడేశాను. తర్వాత ఇంకో ప్రయాణంలో, ఇంకో చోట చేసింది కాస్త వంకర. అతుకు దగ్గర సన్నగీత ఇప్పటికీ కనబడుతుంది. రోజూ వేలికి ఉండేది అదే.

ప్రకటనలో రెండు చోట్లా రాసింది ఒకటే, "మీ చేత్తో మీరే చేసుకోండి" అని. అందుకే నిజంగా మీ చేత్తోనే చేయనిచ్చే క్లాసు ఎలా వెతుక్కోవాలో, అక్కడ కూర్చున్నాక ఏం చేయాలో వరసగా చెప్తాను.

ముందు, అది ఏ రకం క్లాసో తెలుసుకోండి

ప్రయాణికుల కోసం పెట్టే వెండి క్లాసులు దాదాపు మూడు రకాలు. ఒకటి బల్ల పని: వెండి రేకో తీగో తీసుకుని కోసి, వంచి, అతికి, రాపిడి పెట్టడం. రెండోది మైనం పోత: మీరు మైనంతో బొమ్మ చెక్కి ఇస్తే దాని చుట్టూ అచ్చు పోసి, మైనాన్ని కరిగించేసి, ఆ ఖాళీలో కరిగిన వెండి పోస్తారు. అచ్చుని గంటల తరబడి కొలిమిలో కాల్చాలి కాబట్టి నగ చాలాసార్లు అదే రోజు చేతికి రాదు, ఎల్లుండి విమానం ఎక్కేవాళ్లకి ఇది పనికిరాదు. మూడోది వెండి మట్టి. సన్నటి వెండి పొడిని జిగురుతో, నీళ్లతో కలిపి ముద్దగా చేసింది, జపాన్‌లో మిత్సుబిషి మెటీరియల్స్ కంపెనీ 1990ల్లో మార్కెట్లోకి తెచ్చింది. పిండి ముద్దలా నొక్కి, ఆరబెట్టి, కాలిస్తే జిగురు మండిపోయి వెండి మిగులుతుంది. పిల్లలతో వెళ్లేవాళ్లకి హాయి. కాకపోతే కాల్చాక కుంచించుకుపోతుంది, ఉంగరం కొలత ముందే పెద్దగా తీసుకోవాలి.

నా ఓటు బల్ల పనికే. చేయి నేర్చుకునేది అక్కడే.

వెండిపనికి పేరున్న ఊళ్లలో క్లాసులు దొరకడం తేలిక. బాలిలో చెలుక్ గ్రామం అంటే చిన్న చిన్న వెండి పూసలు గుత్తులుగా అతికే పనికి పెట్టింది పేరు. థాయిలాండ్ చియాంగ్ మాయ్‌లో వువా లాయ్ వీధిలో రేకు మీద సుత్తితో బొమ్మలు లేపుతారు. మెక్సికోలో టాస్కో ఊరికి ఊరే వెండి దుకాణాలు. ఇలాంటి చోట్లకి వెళ్తే ఆ ఊరి ప్రత్యేకమైన పని ఒక్క ముక్కైనా నేర్పుతారేమో అడగండి, ఎక్కడైనా చేసుకోగలిగే ఉంగరం కోసం అంత దూరం వెళ్లడం ఎందుకు? మొదటిసారైతే మాత్రం పూసల గుత్తులు పెట్టుకోవద్దు, ఒక్కటి అతకడానికే మధ్యాహ్నం అయిపోతుంది.

డబ్బు కట్టే ముందు నాలుగు ప్రశ్నలు

మొట్టమొదట, మాటు వేసేటప్పుడు మంట చిమ్మే గ్యాస్ టార్చ్ నేను పట్టుకోవచ్చా? దీనికి వచ్చే జవాబుతోనే సగం తెలిసిపోతుంది. "మేమే చూసుకుంటాం, మీకు టెన్షన్ వద్దు" అంటే అది నా మొదటి క్లాసు లాంటిది. "మీరే పడతారు, నేను పక్కన ఉంటా" అంటే కళ్లు మూసుకుని బుక్ చేయండి.

తర్వాత, ఒక గురువుకి ఎంతమంది? నలుగురు దాటితే మీ వంతు టార్చ్ కోసం ఎదురుచూడటమే ఎక్కువవుతుంది.

ఫీజులో ఎన్ని గ్రాముల వెండి కలిసి ఉంది? చాలా చోట్ల ఇంత అని పెట్టి, దాటిన ప్రతి గ్రాముకీ విడిగా తీసుకుంటారు. మీ ఉంగరం ఎంత తూగుతుందో ముందే లెక్కేసుకోవచ్చు: 58 మి.మీ. పొడవు, 4 మి.మీ. వెడల్పు, 1.5 మి.మీ. మందం ఉన్న రేకు 348 ఘనపు మిల్లీమీటర్లు, దాన్ని 10.4తో గుణిస్తే మిల్లీగ్రాములు, అంటే 3.6 గ్రాములు. వెడల్పు రెట్టింపైతే బరువూ రెట్టింపే. గాజో కడియమో చేద్దామనిపిస్తే ఈ లెక్క వేశాకే మాట ఇవ్వండి.

ఆఖరిది, వెండి 925 దేనా, మాటులో కాడ్మియం లేదుగా? 925 అంటే వెయ్యికి 925 పాళ్లు వెండి, మిగతాది ఎక్కువగా రాగి. ఒట్టి వెండి మరీ మెత్తన కాబట్టి రాగి కలుపుతారు. జర్మన్ సిల్వర్ అని ఎవరైనా అంటే అందులో వెండి చుక్క కూడా ఉండదు, అది రాగి, నికెల్, జింకు. ఇక కాడ్మియం ఉన్న మాటు పొగ ఊపిరితిత్తులకి విషం. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు, మంచి పనివాడు ఈ ప్రశ్నకి సంతోషిస్తాడు.

క్లాసుని ప్రయాణం చివరి రోజుకి పెట్టుకోకండి. ఉంగరం బిగుతైతే మర్నాడు వెళ్లి సరి చేయించుకునే వీలుండాలి. అలాగని దిగిన రోజే కూడా వద్దు, విమానం దిగాక వేళ్లు ఉబ్బి ఉంటాయి, కొలత తప్పుతుంది.

వెళ్లే రోజు

నూలు బట్టలు, కాలి వేళ్లు కప్పే చెప్పులు, జుట్టు ముడి. సింథటిక్ బట్ట మీద నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. వేలాడే స్కార్ఫులు, మెడలో గొలుసులు తీసేయండి, చొక్కా పొడుగు చేతులు పైకి మడవండి. ఇది మంట కోసం మాత్రమే కాదు, మెరుగుపెట్టే మోటారు జుట్టుని ఒక్క క్షణంలో చుట్టేసుకుంటుంది. కళ్లకి రక్షణగా పెట్టుకునే అద్దాలు వాళ్లివ్వకపోతే అడిగి తీసుకోండి.

కొలత

కొలత వలయాలు తొడిగి చూసేటప్పుడు కణుపు దాటడానికి కొంచెం ఇబ్బందిపడి, దాటాక వదులుగా తిరగకుండా ఉన్నది మీది. వెడల్పు ఉంగరానికి అర సైజు పెంచాలి. మీకు సరిపోయిన వలయం లోపలి వ్యాసానికి రేకు మందం కలిపి 3.14తో గుణిస్తే కోయాల్సిన పొడవు వస్తుంది. లోపలి వ్యాసం 17 మి.మీ., మందం 1.5 అనుకుంటే 18.5 × 3.14, అంటే దాదాపు 58 మి.మీ. మందం కలపడం మర్చిపోతే ఉంగరం చిటికెన వేలికి పోతుంది.

రెండు సైజుల మధ్య సందేహమొస్తే చిన్నదే కోయండి. బిగుతైన సాదా ఉంగరాన్ని కడ్డీకి తొడిగి సుత్తితో కొట్టి కొంచెం సాగదీయవచ్చు, వదులైతే మళ్లీ కోసి అతకాల్సిందే.

రంపం దగ్గర మొహం చిన్నబుచ్చుకోకండి

కంసాలి రంపం బ్లేడు దారమంత సన్నం. పళ్లు పిడివైపు చూడాలి, కోత కిందికి లాగినప్పుడే పడుతుంది. బిగించాక గోటితో మీటితే టింగుమనాలి, మోగకపోతే వదులుగా ఉన్నట్టు. కాస్త మైనం రాసి, బ్లేడుని నిటారుగా పట్టుకుని, పొడవాటి లాగుడు, చేతి బరువు వేయకుండా. మలుపు తిప్పాలంటే బ్లేడు అక్కడే ఆడిస్తూ రేకుని మెల్లగా తిప్పాలి, బ్లేడుని మెలిపెడితే ఠపీమంటుంది. నాకు మొదటి పావుగంటలో నాలుగు విరిగాయి. గురువు ఏమీ అనకుండా ఐదోది చేతికిచ్చాడు. ఎన్ని విరిగినా సిగ్గుపడక్కర్లేదు, రంపం లాక్కుని వాళ్లని కోయనివ్వకండి అంతే.

రేకు ఇంకా చదునుగా ఉండగానే లోపలివైపు 925 ముద్ర, పేరు అక్షరాలు కొట్టించుకోండి. వంచాక కొట్టడం కష్టం.

కాల్చడం, వంచడం

వెండిని వంచేకొద్దీ, కొట్టేకొద్దీ గట్టిపడుతుంది, బలవంతం చేస్తే చిట్లుతుంది. అందుకే వంచే ముందు 600 నుంచి 650 డిగ్రీల దాకా కాల్చి మెత్తబరుస్తారు. థర్మామీటరు ఎవరూ పెట్టరు, మసక వెలుతురులో లేత ఎరుపు కనిపించిందంటే చాలు. కొందరు స్కెచ్ పెన్నుతో గీత గీసి, అది మాయమయ్యే క్షణం చూస్తారు. ఎరుపు తగ్గాక నీళ్లలో ముంచితే సుయ్యిమంటుంది. అప్పుడు పట్టుకుని చూడండి, ఇందాకటి రేకేనా ఇది అనిపిస్తుంది.

ఇప్పుడు రెండు కొసలూ కలిసేలా వంచాలి. గుండ్రంగా రాకపోయినా ఫర్వాలేదు, కొసలు మాత్రం నొక్కుకుని ఉండాలి. వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి, సందులోంచి వెలుగు కనబడితే అంచుల్ని ఇంకా ఆకురాయితో అరగదీయాలి. మాటు సందుని పూడ్చదు, ఆనుకున్న రెండు అంచుల మధ్యకి మాత్రమే పాకుతుంది. క్లాసులో మీరు ఎక్కువ సేపు గడపాల్సింది ఇక్కడే. పక్కవాళ్లు అప్పుడే మెరుగు పెట్టుకుంటున్నారని కంగారుపడి ఈ పని వదిలేసిన నా ఉంగరానికే ఆ సన్నగీత మిగిలింది.

మాటు

అతుకు దగ్గర వెలిగారం ముద్ద రాయండి, అది గాలి తగలకుండా చేసి లోహం నల్లబడకుండా కాపాడుతుంది. నువ్వుగింజలో సగమంత మాటు ముక్క ఒకటి అతుకుని తాకేలా పెట్టండి. రెండు మూడు ముక్కలు పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి, తర్వాత అరగంట రాకలేక చస్తారు.

టార్చ్ పట్టుకోగానే అందరూ చేసే తప్పు మంటని నేరుగా మాటు ముక్క మీద పెట్టడం. అప్పుడు మాటు ఉండకట్టి వేడున్న వైపుకి దూకుతుంది. వేడెక్కాల్సింది ఉంగరమంతా. లోహాల్లో వేడిని అన్నిటికంటే వేగంగా పాకించేది వెండే, ఒక మూల కాలిస్తే ఆ వేడి మిగతా ఉంగరంలోకి జారిపోతుంది. కాబట్టి మంటని చుట్టూ తిప్పుతూనే ఉండండి. వెలిగారం ముందు తెల్లగా పొంగుతుంది, ఆ పొంగులో మాటు ముక్క పక్కకి జరిగితే సన్న సూదితో మళ్లీ తోయాలి. తర్వాత అది గాజులా తేటపడుతుంది. ఇక రెప్ప వేయకండి. ఇంకాసేపట్లో మాటు ముక్క కూలి, అతుకు పొడవునా తళుక్కున ఒక వెండి గీత పరుగెడుతుంది. అది కనబడగానే మంట తీసేయాలి.

ఆలస్యం చేస్తే? సాధారణంగా వాడే మాటు రకాలు 700, 750 డిగ్రీల చుట్టుపక్కల కరుగుతాయి, 925 వెండి 800 దాటగానే కరగడం మొదలుపెడుతుంది. అంటే మాటు కరగడానికీ ఉంగరమే ముద్దవడానికీ మధ్య ఉన్నది కొన్ని క్షణాలు. ఆ క్షణాల కోసమే క్లాసుకి వెళ్లమంటున్నాను. గురువు మీ భుజం పక్కనుంచి "చాలు చాలు" అని అరుస్తాడు, ఆ కేక వినబడగానే చేయి వెనక్కి రావాలి.

చల్లార్చాక పలుచటి ఆమ్లంలో వేస్తారు, నల్లమచ్చలు, వెలిగారం గాజు పోవడానికి. ఇంగ్లీషులో దీన్ని పికిల్ అంటారు, పేరు విని తినేదేమో అనుకోకండి. ఇనుప పట్టకారు అందులో ముంచితే వెండి మీద రాగి పూత పడి గులాబీ రంగుకి తిరుగుతుంది, రాగిదో ప్లాస్టిక్‌దో వాడాలి. తీశాక నీళ్లలో బాగా కడగండి.

గుండ్రం, మెరుగు

కడ్డీకి తొడిగి కొయ్య సుత్తితో కొడితే గుండ్రంగా వస్తుంది. ఉక్కు సుత్తి అయితే గంటు పడుతుంది, సాగుతుంది కూడా. మొదటిసారి చేసేవాళ్లకి నేను చెప్పే దొంగ సలహా ఒకటుంది, ఉక్కు సుత్తి గుండుమొనతో ఉంగరమంతా చిన్న చిన్న గుంటలు కొట్టించుకోండి. గీతలు, వంకర్లు, అతుకు అన్నీ అందులో కలిసిపోతాయి. కాకపోతే ఉంగరం సాగుతుంది కాబట్టి ఈ ఆలోచన రేకు కోసేటప్పుడే ఉండాలి.

ఆకురాయి ముందుకు తోసినప్పుడే రాకుతుంది, వెనక్కి లాగితే అరుగుదల తప్ప లాభం లేదు. తర్వాత గరుకు కాగితం 400, 600, 1000 ఇలా వరసగా. ఒక నంబరు దాటేస్తే దాని గీతలు మెరుగు పెట్టాక ఇంకా స్పష్టంగా కనబడతాయి. రాయి పొదిగే నగ అయితే రాయి అన్నిటికంటే చివర, ముత్యం, ఒపాల్ లాంటివి మంటకి తట్టుకోవు. రాలిన వెండి పొడి ఊదేయకండి, కింద ఉన్న తోలు సంచిలోకి దులపండి, అది వాళ్లు మళ్లీ కరిగించుకుంటారు.

లేచే ముందు

బిల్లు మీద బరువు, 925 అని రాయించుకోండి. రంపం బ్లేడులు, ఆకురాయి మోజుపడి కొంటే చెకిన్ సామానులో పెట్టాలి, గ్యాస్ నింపిన టార్చ్ మాత్రం ఎందులోనూ పెట్టనివ్వరు. ఉంగరాన్ని గాలి చొరని చిన్న కవర్లో వేయండి, రబ్బరు బ్యాండు మాత్రం చుట్టొద్దు, రబ్బరులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది.

ఇంకా కుర్చీలోంచి లేవకుండానే ఉంగరం తొడుక్కుని పిడికిలి గట్టిగా బిగించండి, సంచీ పట్టీ పట్టుకున్నట్టు. పక్క వేలికి గుచ్చుకున్నట్టనిపిస్తే లోపలి అంచు ఇంకా పదునుగా ఉందని అర్థం. ఆకురాయి మళ్లీ అడిగి తీసుకోండి.