మన కారు పొగకి టాక్స్ ఎక్కడెక్కడ పడుతుందో లెక్కేసుకోవడం ఎలా

లండన్ వెళ్ళిన మన పిల్లలు ఫోన్ చేసినప్పుడు "నా కారు నూట ఇరవై గ్రాములే, అందుకే టాక్స్ తక్కువ పడింది" అంటుంటారు. తిరుపతిలో షోరూమ్ కొటేషన్ ఎంత తిరగేసినా ఆ గ్రాముల లైను ఒక్కటీ కనపడదు. మన దగ్గరా పొగకి డబ్బులు పడతాయి, కాకపోతే వేరే వేరే పేర్ల మీద పడతాయి. అవెక్కడున్నాయో తెలిస్తే కారు బుక్ చేసేముందే లెక్క చూసుకోవచ్చు.

ముందు ఆ గ్రాముల సంగతి. బ్రిటన్‌లో 2017 ఏప్రిల్ నుంచి రిజిస్టరైన కార్లకి మొదటి ఏడాది టాక్స్, కిలోమీటరుకి ఎన్ని గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వదులుతుందో చూసి వేస్తారు. 2025-26 రేట్ల ప్రకారం ఎలక్ట్రిక్ కారుకి 10 పౌండ్లు, 111 నుంచి 130 గ్రాముల లోపు పెట్రోలు కారుకి 440, 255 గ్రాములు దాటితే ఏకంగా 5,490. రెండో ఏడాది నుంచి దాదాపు అందరికీ ఒకటే రేటు, 195. మరీ ఖరీదైన కార్లకి కొన్నేళ్ళు పైన ఇంకొంత.

మీ కారు గ్రాములు మీరే లెక్క కట్టుకోవచ్చు. లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, డీజిల్ అయితే 2.6 కిలోలు దాటుతుంది. కాబట్టి పెట్రోలు కారైతే 2300ని మీ మైలేజీతో భాగించండి, లీటరుకి 18 ఇచ్చే కారు అంటే దగ్గర దగ్గర 128 గ్రాములు. కంపెనీ చెప్పిన మైలేజీ వేసుకోకండి, ట్యాంకు నింపి నింపి చూసిన మైలేజీ వేసుకోండి. అలిపిరి దాటి ఘాట్‌లో రెండో గేరు మీద మూలిగే కారుకి ఆ 18 ఎక్కడొస్తుంది చెప్పండి!

ఇక మన బిల్లుకొద్దాం. అన్నిటికంటే పెద్ద దెబ్బ షోరూమ్ ధరలోనే దాక్కుని ఉంటుంది, అది జీఎస్టీ. 2025 సెప్టెంబరు 22 నుంచి పొడవు నాలుగు మీటర్ల లోపు ఉండి, ఇంజిన్ పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటకపోతే 18 శాతం. ఈ రెండు షరతుల్లో ఏ ఒక్కటి తప్పినా 40. ఎలక్ట్రిక్‌కి 5. పొగ కొలిచి వేసే పన్నేమీ కాదిది, పెద్ద ఇంజిను ఎక్కువ తాగుతుంది, ఎక్కువ వదులుతుంది అనే అంచనా దాని వెనకుంది, అంతే. నా దృష్టిలో ఇది మొరటు లెక్క. ఎందుకంటే మైలేజీ బాగా ఇచ్చే హైబ్రిడ్ కారైనా నాలుగు మీటర్లు దాటిందంటే 40లోకే పోతుంది.

దాని మీద రాష్ట్రం వేసే లైఫ్ టాక్స్, ఇది పూర్తిగా ధర మీదే. మన ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చిన శ్లాబుల ప్రకారం 5 లక్షల లోపు 13 శాతం, 10 లక్షల దాకా 14, 20 లక్షల దాకా 17, ఆపైన 18. 8 లక్షల చిన్న పెట్రోలు కారు తీసుకుంటే ధరలో కలిసిపోయిన జీఎస్టీ సుమారు 1.22 లక్షలు, లైఫ్ టాక్స్ 1.12 లక్షలు. 14 లక్షల పెద్ద డీజిల్ బండికి జీఎస్టీ 4 లక్షలు, లైఫ్ టాక్స్ 2.38 లక్షలు. జీఎస్టీ పెరిగితే ధర పెరుగుతుంది, ధర పెరిగితే లైఫ్ టాక్స్ పెరుగుతుంది, అంటే టాక్స్ మీద టాక్స్ కడుతున్నామన్నమాట. ఎలక్ట్రిక్ కార్లకి లైఫ్ టాక్స్ మినహాయింపు జీవోలకి గడువులుంటాయి, సేల్స్ వాళ్ళ నోటిమాట నమ్మకుండా టాక్స్ అంకె కొటేషన్ మీద రాయించుకోండి.

సెకండ్ హ్యాండ్ అయితే కథ వేరు. పలమనేరు, చిత్తూరు వైపు బెంగళూరు కార్లు, పుత్తూరు, తిరుపతి వైపు చెన్నై కార్లు చవగ్గా దొరుకుతాయని ఎగబడతాం. ఆ కారుని ఇక్కడే ఉంచుకోవాలంటే అక్కడి ఆర్టీఓ ఆఫీసు నుంచి ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం తెచ్చుకుని మన లైఫ్ టాక్స్ కట్టాలి, అదీ మీరు బేరమాడి కొన్న రేటు మీద కాకుండా కొత్తప్పటి ధర, బండి వయసు చూసి వేస్తారు. పాత ఓనరు అక్కడ కట్టిన టాక్సులో మిగిలిన కాలానికి రీఫండ్ ఎవరు తీసుకోవాలో అడ్వాన్స్ ఇచ్చేముందే తేల్చుకోండి, తర్వాత ఫోన్ ఎత్తరు.

వయసు మాట వచ్చింది కాబట్టి ఆర్సీలో రెండు గళ్ళు చూడండి: రిజిస్ట్రేషన్ తేదీ, బీఎస్ నంబరు. బీఎస్ అంటే భారత్ స్టేజ్, కారు పొగకి పెట్టిన ప్రమాణం; నంబరు పెరిగేకొద్దీ ప్రమాణం కఠినం. 2020 ఏప్రిల్ నుంచి కొత్తగా అమ్మినవన్నీ బీఎస్-6. పదిహేనేళ్ళు నిండిన కారుకి ఆర్సీ రెన్యువల్ ఫీజే 5,000, ఇరవై దాటితే 10,000, దానికి తోడు పాత బండ్ల మీద వేసే గ్రీన్ టాక్స్. లక్షకి పాత డీజిల్ వస్తోందని మురిసిపోయేవాళ్ళు ఇవన్నీ ఆ లక్షకి కలుపుకోవాలి.

నిజంగా పొగ కొలిచేది ఒక్క పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గరే. కొత్త కారుకి మొదటి ఏడాది అక్కర్లేదు, తర్వాత బీఎస్-4, ఆపై కార్లకి ఏడాదికోసారి, అంతకంటే పాతవాటికి ఆర్నెల్లకోసారి చేయించాలి. లేకుండా దొరికితే చట్టప్రకారం జరిమానా 10,000 దాకా ఉంది. బీఎస్-4, ఆపై పెట్రోలు కార్లకి ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం దాటకూడదు. పొద్దున్నే ఇంట్లోంచి తీసిన చల్లటి ఇంజిన్‌తో వెళితే మంచి బండి కూడా ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి ఓ పావుగంట ఊళ్ళో తిప్పి, ఎయిర్ ఫిల్టరు మట్టి పట్టి ఉంటే మార్పించి అప్పుడు వెళ్ళండి. సైలెన్సర్లో గొట్టం పెట్టకుండానే కాగితం చేతిలో పెట్టే బంకులూ ఉన్నాయి, నాకూ ఒకచోట అలాగే ఇచ్చారు. అడిగి గొట్టం పెట్టించుకుని, స్క్రీన్ మీద అంకె చూసి, అప్పుడు డబ్బులివ్వండి.