లైనక్స్‌లో మ్యాన్ పేజీ ఎలా చదవాలి?

ఏదైనా కమాండ్ మర్చిపోతే వెంటనే గూగుల్ తెరుస్తాం. అక్కడ దొరికేది ఏ వెర్షన్‌దో తెలియదు. మన సిస్టమ్‌లోనే ఉండే, కమాండ్ వాడే తీరు చెప్పే మ్యాన్ పేజీ మాత్రం మన వెర్షన్‌దే, పైగా నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది. మ్యాన్ అంటే మాన్యువల్. 1971 నవంబరులో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ రాసిన యూనిక్స్ (లైనక్స్‌కు నమూనా అయిన సిస్టమ్) తొలి మాన్యువల్‌లో ఉన్న అమరికే ఇప్పటికీ చాలావరకు కనిపిస్తుంది.

1. టెర్మినల్‌లో ఇంగ్లీషు చిన్న అక్షరాలతో మ్యాన్ (man) అని, స్పేస్ ఇచ్చి, కమాండ్ పేరు కొట్టండి. స్పేస్ బార్ నొక్కితే ముందుకు, బి నొక్కితే వెనక్కి. బయటికి రావాలంటే క్యూ. ఇది తెలియకే చాలామంది టెన్షన్‌పడి విండోనే మూసేస్తారు.

2. మొత్తం చదవకండి. ముందు సినాప్సిస్, అంటే కమాండ్‌ను ఎలా కొట్టాలో క్లుప్తంగా చూపే భాగం చూడండి. చదరపు బ్రాకెట్లలో ఉన్నది ఇవ్వకపోయినా ఫర్వాలేదు. మూడు చుక్కలుంటే అలాంటివి ఎన్నైనా ఇవ్వొచ్చు. నిలువు గీతకు అటూ ఇటూ ఉన్నవాటిలో ఒక్కటే వాడాలి.

3. కావలసిన మాట వెతకడానికి స్లాష్ నొక్కి, మాట రాసి, ఎంటర్ కొట్టండి. తర్వాతి చోటికి ఎన్.

4. మాన్యువల్ నంబర్లున్న విభాగాలుగా ఉంటుంది, ఆ విభాగం నంబరు చూసుకోండి. 1లో మామూలు కమాండ్లు, 5లో ఫైళ్లను రాసే పద్ధతి, 8లో అడ్మిన్ పనులు ఉంటాయి. ఒకే పేరు రెండు చోట్ల ఉండొచ్చు. ఒకటో తేదీ సోమవారం అయితేనే రిపోర్టు వెళ్లాలని నేనొకసారి క్రాన్‌ట్యాబ్‌లో (ఏ పని ఎప్పుడు దానంతటదే నడవాలో రాసిపెట్టే ఫైల్‌లో) రాశాను. తీరా చూస్తే ప్రతి సోమవారం వెళ్లింది, ప్రతి ఒకటో తేదీనా వెళ్లింది. మ్యాన్ క్రాన్‌ట్యాబ్ అని కొడితే 1వ విభాగం తెరుచుకుంది, అందులో ఈ సంగతే లేదు. మధ్యలో 5 చేర్చి, మ్యాన్ 5 క్రాన్‌ట్యాబ్ అని కొట్టాక దొరికింది: తేదీ గడి, వారం గడి రెండూ నింపితే, వాటిలో ఏ ఒక్కటి కుదిరినా పని నడుస్తుంది. నాలుగు గంటలు వెతికిన జవాబు రెండు వాక్యాల్లో ఉంది. అప్పటినుంచి ఏ సెట్టింగ్ ఫైల్ ముట్టుకున్నా ముందు 5వ విభాగం తెరుస్తాను.

5. కమాండ్ పేరే తెలియకపోతే మ్యాన్ పక్కన హైఫన్ కే పెట్టి, పనికి సంబంధించిన ఇంగ్లీషు మాట ఇవ్వండి. పేరులో గానీ, చిన్న వివరణలో గానీ ఆ మాట ఉన్న పేజీల జాబితా వస్తుంది. సీడీ లాంటి కమాండ్లు బాష్‌లోనే (టెర్మినల్‌లో మనం కొట్టిన కమాండ్లను నడిపే ప్రోగ్రామ్‌లోనే) కలిసి ఉంటాయి కాబట్టి వాటికి విడిగా పేజీ దొరకకపోవచ్చు. అప్పుడు మ్యాన్ బదులు హెల్ప్ అని కొట్టండి.