వానల్లో గుడ్డ మీద పేరు వేసే ముందు

ఆషాఢం దాటి శ్రావణం రాగానే ఆంధ్ర, ఒడిశా సరిహద్దులోని మా పర్లాకిమిడి వైపు పెళ్లిళ్లు, బారసాలలు వరసగా వచ్చిపడతాయి. కుట్టుమిషను లేని ఇళ్లలో కూడా దిండు గలీబు మీదో, తువ్వాలు మీదో, గుడ్డసంచి మీదో పేరు వేసి చేతికివ్వాలన్న ముచ్చట ఉంటుంది. రంగుతోనో, ఇస్త్రీపెట్టెతో అంటించే ముక్కలతోనో ఆ పని చక్కగా అవుతుంది. చిక్కల్లా వానాకాలంతోనే. ఒక శ్రావణంలో మా ఆడపడుచు కోసం గలీబు మీద పేరు రాసి, తడి లేదనుకుని మర్నాడే మడిచేశాను. విప్పేసరికి సగం అక్షరాలు అవతలి మడతకు అంటుకుపోయాయి. పైకి ఆరినా లోపల ఆరలేదు. అందుకే కానుక ఇచ్చే రోజుకు కనీసం వారం ముందే పని మొదలుపెట్టమని అందరికీ చెబుతున్నాను.

మొదటి జాగ్రత్త గుడ్డ దగ్గరే. కొత్త నూలుబట్టలో గంజి ఉంటుంది, దాని మీద రంగు పైపైన నిలిచి రెండు ఉతుకుల్లో రాలిపోతుంది. గోరువెచ్చని నీళ్లలో సబ్బుతో ఉతికి, కంఫర్ట్ లాంటి మెత్తబరిచే ద్రవాలు కలపకుండా ఆరేయండి. ఆరాక ఒక నీటిచుక్క వేసి చూడండి. వెంటనే పీల్చుకుంటే గుడ్డ సిద్ధం. చుక్క గుండ్రంగా నిలబడితే ఇంకోసారి ఉతకాలి.

బరంపురం పట్టు మీద మాత్రం చెయ్యి పెట్టకండి. ఆ కుంభం అంచు నేసిన చేతికి మన రంగు అక్కర్లేదు. భౌగోళిక గుర్తింపు ఉన్న నేత అది. పేరు కావాలంటే చిన్న నూలు ముక్క మీద రాసి, దారంతో చీరపెట్టెకు కట్టండి.

ఇక పేరు. మా సరిహద్దులో పెద్దవాళ్లు తెలుగు చదువుతారు, మనవలు ఒడియా బడికి వెళతారు. ఒకే గలీబు మీద రెండు లిపుల్లోనూ పేరు రాయించుకునేవాళ్లున్నారు, నాకది చాలా ఇష్టం. అయితే గుడ్డకెక్కిన తప్పును దిద్దలేం. ముందు కాగితం మీద రాసి, ఒడియా చదివే పిల్లలకు ఒకసారి, ఆ ఇంటి పెద్దకు ఒకసారి చూపించండి. స్టెన్సిల్, అంటే రంగు అద్దడానికి అక్షరం ఆకారంలో కాగితం, కోస్తే గుండ్రటి అక్షరాలు ఇబ్బంది పెడతాయి. సున్నా చుట్టూ కోస్తే మధ్య ముక్క రాలిపోయి నిండు చుక్క మిగులుతుంది. ఠ, థ మధ్య చుక్కలకూ ఇదే తంటా. లోపలి ముక్కను బయటి కాగితంతో కలిపి ఉంచే సన్నని వంతెన ఒకటి వదలండి, తర్వాత చిన్న కుంచెతో పూడ్చవచ్చు. ప్రింటు తీసి అంటించే ట్రాన్స్‌ఫర్ కాగితమైతే, లేతరంగు గుడ్డలకు వాడేదానిలో అక్షరాలు అద్దంలో కనిపించినట్టు తిరగేసి ప్రింటు తీయాలి. ఇంక్‌జెట్ కాగితాన్ని లేజర్ ప్రింటరులో పెట్టకండి, వేడికి కరిగి లోపల అంటుకుంటుంది.

రంగులో నీళ్లు కలపొద్దు. ముసురు రోజుల్లో పలచటి రంగు దారాల వెంట పాకుతుంది. గలీబు లోపల అట్టముక్క పెట్టి, స్పాంజితో అద్దండి, కుంచెతో లాగొద్దు. ఫ్యాను కింద పరిచి ఒక రోజంతా ఆరనివ్వండి. ముసురైతే రెండు రోజులు. తర్వాత గుడ్డను తిరగేసి, ఆవిరి లేకుండా, మూడు నాలుగు నిమిషాలు ఇస్త్రీ చేస్తే రంగు నిలుస్తుంది. ఉతకడం మూడు రోజుల తర్వాతే. సీసా మీద వేరేలా రాసి ఉంటే అదే పాటించండి.

ఇస్త్రీపెట్టె మీద చుక్కలుంటాయి. ఒక చుక్క దాదాపు 110 డిగ్రీలు, సింథటిక్‌కు. రెండు చుక్కలు 150, పట్టుకు. మూడు 200, నూలుకు. టెర్లిన్ మీద మూడు చుక్కల వేడి పెడితే గుడ్డ పాడైపోతుంది. అంటించే ముక్కలకు పెట్టెను రుద్దకండి. పది పదిహేను సెకన్లు నొక్కి, ఎత్తి, పక్కకు జరపండి. చల్లారేదాకా కదపకండి.

తడి నేల మీద ఉత్తికాళ్లతో నిలబడి ఇస్త్రీ చేయొద్దు, ఎక్స్‌టెన్షన్ బోర్డు నేల మీద ఉంచొద్దు. కిటికీలోంచి జల్లు పడే చోట అసలే వద్దు. కరెంటు ఉన్నప్పుడే ఇస్త్రీ పని తెముల్చుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా గజపతి జిల్లాను ఎలా కుదిపిందో చూసినవాళ్లం, దసరా ముందు పని వాయిదా వేయడం నాకిష్టం ఉండదు. వేడితో కరిగించి అంటించే గ్లూగన్ జిగురు చర్మం మీద పడితే ట్యాపు నీళ్ల కింద ఇరవై నిమిషాలు పెట్టండి. టూత్‌పేస్టు రాయకండి. ఉతికే గుడ్డలకు ఆ జిగురు పనికిరాదు, ఇస్త్రీ వేడికి మెత్తబడి ఊడిపోతుంది.

బారసాల కానుకలకు పూసలు, గుండీలు, అద్దాలు అంటించకండి. జిగురుతో పెట్టినవి ఎప్పుడో ఒకసారి ఊడతాయి, పసిబిడ్డ నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడవచ్చు. పేరు రంగుతోనే రాయండి, బిడ్డకు తొడిగే ముందు ఒకసారి ఉతకండి. పెట్టెలో కలరా ఉండలు కూడా వేయొద్దు. జి6పిడి లోపం, అంటే రక్తకణాలను కాపాడే ఆ ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్న బిడ్డలకు, వాటి వాసన వల్ల రక్తకణాలు దెబ్బతినవచ్చు. ఎండిన వేపాకు గుడ్డమూటలో కట్టి పెట్టండి.

ఇచ్చేటప్పుడు ప్లాస్టిక్ కవరులో బిగించకండి, చెమ్మ లోపలే చిక్కి బూజు చుక్కలు లేస్తాయి. పాత నూలు చీర ముక్కలో చుట్టి, "చల్లటి నీళ్లలో తిరగేసి ఉతకండి" అని చీటీ రాసి లోపల పెట్టండి. తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి.